డబుల్స్‌కి పోతే తక్కువైపోతాడా? పాత జోడీని వదిలితే ద్రోహమా?

ప్రశ్న: నమస్తే సార్. మాది హనుమకొండ, సుబేదారి. మా బాబుకి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. ఆరో తరగతి నుంచి షటిల్ ఆడుతున్నాడు. జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం)లో పొద్దున, సాయంత్రం ప్రాక్టీస్. సింగిల్స్‌లో జిల్లా దాటితే రెండో రౌండ్‌కే ఇంటికొస్తాడు. డబుల్స్‌లో మాత్రం కాజీపేట అబ్బాయితో కలిసి నిరుడు స్టేట్‌లో సెమీస్ దాకా వెళ్లాడు. అక్కడ చూసిన హైదరాబాద్ కోచ్ ఒకాయన, మీవాణ్ని పంపండి, డబుల్స్ ప్లేయర్‌గా తయారు చేస్తాను అన్నారు. కానీ జోడీగా తన దగ్గరున్న వేరే అబ్బాయిని పెడతారట. కాజీపేట అబ్బాయిని అడగలేదు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. ఆ అబ్బాయి నాన్న రైల్వేలో చిన్న ఉద్యోగి. వాళ్లమ్మ టోర్నమెంట్లకు మావాడికి కూడా టిఫిన్ కట్టి పంపేది. మావాడికి రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు. మా ఆయనకు మెడికల్ షాపు ఉంది. ఆయనేమో, 'ఒక్కడు గెలవనోడే ఇద్దరై ఆడుతడు, దానికోసం చదువు పాడు చేసుకుంటడా, బుద్ధిగా ఎంసెట్ రాయమను' అంటారు. దసరాలోపు చెప్పమని కోచ్ అన్నారు. నవంబర్‌లో స్టేట్ టోర్నీకి ఇద్దరూ కలిసే పేర్లిచ్చారు. ఏం చేయమంటారు?
– ఒక అమ్మ, హనుమకొండ

జవాబు: అమ్మా, బాబుకి నిద్ర పట్టనిది స్నేహితుడి సంగతి వల్లే. అయినా మీ ఆయన మాటతోనే మొదలుపెడతాను. అది ఇంట్లో తేలకపోతే మిగతావేవీ తేలవు.

ఆయన అలా అనుకోవడంలో వింతేమీ లేదు. మన దగ్గర జనం రోజూ కళ్లారా చూసే షటిల్ అంతా డబుల్సే. ఎండాకాలం రాత్రిపూట కాలనీలో లైట్లు కట్టి ఆడేదీ, క్లబ్బుల్లో ఆఫీసర్లు తెల్లారి ఆడేదీ నలుగురి ఆటే. పొట్ట వచ్చినా, మోకాలు నొస్తున్నా ఆడేయొచ్చు, మిగతాది పక్కనున్నాయన చూసుకుంటాడు. టీవీలో మాత్రం సైనా, సింధు, శ్రీకాంత్ ఒంటరిగా కోర్టంతా పరుగెత్తుతూ కనిపించారు. అందుకే డబుల్స్ అంటే సగం కష్టం, సగం పేరు అనే అభిప్రాయం పడిపోయింది.

షాపులో గిరాకీ లేనప్పుడు ఆయనకు ఈ లెక్క చెప్పండి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 1983లో ప్రకాశ్ పదుకొణె కాంస్యం తెచ్చాక మళ్లీ మనకు పతకం రావడానికి 28 ఏళ్లు పట్టింది. 2011లో లండన్‌లో దాన్ని తెచ్చింది మన హైదరాబాద్ గుత్తా జ్వాల, ఆమె జోడీ అశ్విని పొన్నప్ప. సింధు మొదటి పతకం ఆ తర్వాత రెండేళ్లకు. ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 1965లో దినేశ్ ఖన్నా గెలిచిన బంగారం తర్వాత రెండో బంగారం 2023లో వచ్చింది, అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టి కలిసి తెచ్చారు. ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్ స్వర్ణం అంతకుముందు మనకు ఎప్పుడూ లేదు. అదే ఏడాది హాంగ్‌జౌలో వీళ్లిద్దరే ఆ లోటు తీర్చారు, అక్టోబర్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. సింగిల్స్‌లో సింధు, సైనాల ఒలింపిక్ పతకాలు గొప్పవి, వాటిని ఎవరూ తక్కువ చేయరు. డబుల్స్‌లో మనకు ఒలింపిక్ పతకం ఇంతవరకు లేదు, అదీ నిజమే. కానీ చేతకానివాళ్ల ఆట అనే మాట మాత్రం ఈ లెక్క ముందు నిలబడదు.

దగ్గరి మనుషులు కావాలంటే కోదాడ వైపు నుంచి వచ్చిన సిక్కి రెడ్డి ఉంది, రంగారెడ్డి జిల్లా నుంచి వచ్చిన సుమీత్ రెడ్డి ఉన్నాడు. సుమీత్ మొదట సింగిల్సే ఆడేవాడు. వెన్నునొప్పితో ఇబ్బంది పడ్డాక డబుల్స్‌కు వచ్చాడు, మను అత్రితో కలిసి 2016లో రియో ఒలింపిక్స్ ఆడాడు. తప్పనిసరై మారినా ఒలింపిక్స్ దాకా వెళ్లాడని ఈ ఉదాహరణ చెప్పాను. మీవాడు మాత్రం సింగిల్స్‌లో ఓడిపోతున్నాను కాబట్టి అని మారితే ఆటలో ఎక్కువ రోజులు ఉండలేడు. డబుల్స్ అంటే ఇష్టమై మారాలి. ఎందుకంటే ఇది వేరే పని.

ఎంత వేరో సర్వీస్ ఒక్కటి చూస్తే అర్థమవుతుంది. సింగిల్స్‌లో కాక్‌ను పైకి లేపి వెనక లైను దాకా కొట్టినా నడుస్తుంది. డబుల్స్‌లో కోర్టు వెడల్పు 5.18 మీటర్ల నుంచి 6.10కి పెరుగుతుంది గానీ, సర్వీస్ పడాల్సిన చోటు వెనకవైపు 76 సెంటీమీటర్లు తగ్గుతుంది. ఎత్తి కొడితే అవతలివాడు రెండడుగులు వెనక్కి వేసి స్మాష్ కొడతాడు. అందుకే అందరూ బ్యాక్‌హ్యాండ్‌తో, బొడ్డు దగ్గర కాక్ పట్టుకుని, నెట్ టేపును తాకీతాకకుండా తోస్తారు. తోసే క్షణంలో కాక్ మొత్తం నేలకు 1.15 మీటర్ల లోపే ఉండాలి, కొంచెం పైనుంటే ఫాల్ట్. ఎదురుగా ఒకడు ముందు లైనును తాకకుండా దానికి దగ్గరగా కాలు పెట్టి, రాకెట్ పైకెత్తి, మీద పడటానికి సిద్ధంగా ఉంటాడు. కాక్ టేపు మీద నాలుగు వేళ్ల ఎత్తు లేచిందా, పాయింట్ పోయినట్టే. స్కోరు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు ఈ చిన్న తోపుకి చెయ్యి వణుకుతుంది. స్మాష్ అదరగొట్టే పిల్లలు కూడా ఇక్కడే తేలిపోతారు. ఇక సర్వీస్ చేసేవాడు ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి వేళ్లతో ఏదో చూపించడం మీరు గమనించే ఉంటారు. కాక్‌ను ఎటు వేస్తున్నాడో వెనకున్నవాడికి చెప్పడం అది. వాడు దాన్నిబట్టి ముందే ఒక అడుగు జరిగి ఉంటాడు. డబుల్స్‌లో తెలివంతా ఆ ముందే జరిగిన అడుగులో ఉంది.

మీరు టోర్నీకి వెంట వెళ్తే, ఈసారి స్కోరు వదిలేసి మీవాణ్ని మాత్రం చూడండి. వాడు స్మాష్ కొట్టాక అక్కడే నిలబడి చూస్తున్నాడా, వెంటనే ముందుకో పక్కకో కదులుతున్నాడా? స్నేహితుడు సులువైన కాక్ నెట్‌కి కొట్టినప్పుడు వీడి మొహం ఎలా మారుతోంది? తనే తప్పు చేస్తే పక్కవాడి వైపు చూడగలుగుతున్నాడా? స్టేట్ టోర్నీల్లో నేను చూసినంతలో, మంచి జోడీలు విడిపోయేది ఆట రాక కాదు, పాయింట్ పోయిన ప్రతిసారీ ఒకడు రాకెట్ తీగలు సవరించుకుంటూ నేల చూపులు చూస్తుంటాడు, రెండోవాడికి ఒళ్లు మండిపోతుంది, అలా మొదలవుతుంది. మీవాడికి ఈ విషయంలో ఇబ్బంది లేదనుకుంటాను. స్నేహితుడి కోసం నిద్ర మానుకున్న పిల్లవాడికి పక్కవాడి సంగతి పట్టించుకోవడం కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ స్నేహితుడి సంగతి.

సాత్విక్, చిరాగ్ పేర్లు ఇప్పుడు ఒకే మాటలా వినిపిస్తాయి గానీ, వాళ్లు మొదటినుంచీ జోడీ కాదు. సాత్విక్ జూనియర్‌గా ఉన్నప్పుడు మన తెలుగువాడే కృష్ణప్రసాద్ గరగతో ఆడేవాడు. మలేసియా కోచ్ టాన్ కిమ్ హర్ మన జట్టుకు వచ్చాక, 2016 ప్రాంతంలో సాత్విక్‌ను తీసి చిరాగ్‌తో కలిపాడు. అప్పుడు సాత్విక్‌కు మీవాడి వయసే. తమాషా ఏమిటంటే ఇద్దరూ వెనక నిలబడి బాదే రకం, ముందు నెట్ దగ్గర చూసుకునేవాడు లేడు. చూసేవాళ్లకు ఇదేం జోడీ అనిపించింది. చిరాగ్ నెట్ దగ్గర ఆట నేర్చుకున్నాడు. మిగతాది మీకు తెలుసు.

మరి కృష్ణప్రసాద్ ఏమయ్యాడు? ఆట మానలేదు. మన హైదరాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్ గౌడ్‌తో జోడీ కట్టాడు. 2021లో ఇద్దరూ ఫ్రాన్స్‌లో ఓర్లియన్స్ మాస్టర్స్ ఫైనల్ ఆడారు. 2022లో బ్యాంకాక్‌లో ఇండోనేసియాను 3-0తో ఓడించి మొదటిసారి థామస్ కప్ (పురుషుల జట్ల ప్రపంచ పోటీ) తెచ్చిన భారత జట్టులో సాత్విక్ ఉన్నాడు, కృష్ణప్రసాద్ కూడా ఉన్నాడు. విడిపోయిన రోజున ఆ పిల్లవాడికి ఎంత కష్టం వేసి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ కష్టం నిజమే. కానీ దానితో అతని ఆట ముగిసిపోలేదు.

ఇంకొకటి చెప్తాను. ఇండోనేసియా క్రీడాకారిణి గ్రేసియా పోలి 2014 ఆసియా క్రీడల స్వర్ణం నిత్య క్రిషిందాతో గెలిచింది. నిత్య తప్పుకున్నాక, తనకంటే పదేళ్లు చిన్నదైన అప్రియని రహాయు పక్కకు వచ్చింది. గ్రేసియా కూడా అంతటితో మానేస్తుందేమో అనుకునే పరిస్థితి. 2021లో టోక్యోలో ఇద్దరూ ఒలింపిక్ స్వర్ణం గెలిచారు, గ్రేసియాకు అప్పుడు 33 ఏళ్లు. మన జ్వాల, అశ్విని కూడా లండన్ ఒలింపిక్స్ తర్వాత కొంతకాలం విడిగా ఉండి, మళ్లీ కలిసి రియో దాకా ఆడారు. డబుల్స్‌లో జోడీ మారడం మామూలు సంగతి. పదహారేళ్లకు కుదిరిన జోడీ ముప్పయ్యేళ్ల దాకా ఉండటమే అరుదు.

కాబట్టి వెళ్లడం ద్రోహం కాదు. వెళ్లే పద్ధతిలో ద్రోహం ఉండొచ్చు. హైదరాబాద్ విషయం ఆ అబ్బాయికి ఇంకా తెలియదనే అనుకుంటున్నాను, మీ ఉత్తరంలో ఎక్కడా చెప్పినట్టు లేదు. జేఎన్ఎస్‌లో ఇలాంటి కబురు దాగదు. ఎవరో మూడో మనిషి చెప్పకముందే మీవాడే చెప్పాలి, ఫోన్లో కాకుండా ఎదురుగా. మీరు వాళ్లమ్మతో మాట్లాడొచ్చు, మాట్లాడాలి కూడా, కానీ వాడి బదులు మీరు చెప్పేయకండి. "కోచ్ పిలిచాడు, నిన్ను పిలవలేదు, నాకు ఏం చేయాలో తెలీట్లేదు" అని ఉన్నదున్నట్టు చెబితే చాలు. ఆ అబ్బాయికి కోపం రావొచ్చు. రానివ్వండి. రెండు వారాలు మాట్లాడకపోయినా, అబద్ధం చెప్పాడని మాత్రం అనుకోడు.

కోచ్‌ని కూడా ఒక మాట సూటిగా అడగండి: ఆ పిల్లవాణ్ని ఎందుకు వద్దన్నారు? ఆట నచ్చకా, హాస్టల్లో సీటు లేకా, లేక ఇద్దరూ వెనక ఆడేవాళ్లే అనా? చూడనే లేదంటే ఒక ట్రయల్ ఇవ్వమనండి. ఇస్తే మంచిదే. ఇవ్వకపోతే మీరు అడిగారన్న సంగతి ఆ ఇంటికి తెలుస్తుంది. అంతకు మించి మొహమాటానికి పోయి, వాళ్లవాడి ఫీజు కూడా మేమే కడతాం లాంటి మాటలు ఇవ్వకండి. రెండు ఇళ్లకూ అది తర్వాత బరువవుతుంది.

దసరా గడువు గురించి నా మాట సూటిగా చెప్తాను: ఇంటర్ మధ్యలో ఆపి ఇప్పుడే పంపొద్దు. దసరా సెలవుల్లో బాబుని అక్కడికి పంపండి, ఆ సెలవులన్నీ అక్కడే ఉండి ఆడనివ్వండి. కొత్త అబ్బాయితో ఆడి చూస్తాడు, హాస్టల్ తిండి చూస్తాడు, మీరూ కోచింగ్ చూస్తారు. తర్వాత ఫస్టియర్ పరీక్షల దాకా సెలవు దొరికిన శని, ఆదివారాలు వెళ్లి రావొచ్చు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు పొద్దున రైళ్లకు కొదవ లేదు, రెండు మూడు గంటల ప్రయాణం. వేసవిలో పూర్తిగా అక్కడే ఉంచి, అప్పుడు తేల్చుకోండి. "ఇప్పుడు రాకపోతే ఇక అవసరం లేదు" అనే కోచ్ అయితే ఆయనకు మీవాడి కంటే నింపాల్సిన సీటు ముఖ్యమని నేను అనుకుంటాను.

వెళ్లినప్పుడు చూడాల్సింది కోర్టుల మెరుపులు కాదు. డబుల్స్‌కి విడిగా కోచ్ ఉన్నారా, వారంలో ఎన్ని గంటలు నిజంగా జోడీలుగా ఆడిస్తున్నారు, సర్వీస్, రిటర్న్ మీద రోజూ పని ఉందా అని చూడండి. చాలా చోట్ల పొద్దంతా సింగిల్స్ ప్రాక్టీస్ చేయించి, సాయంత్రం ఆఖర్న రెండు గేములు డబుల్స్ ఆడించి దాన్నే డబుల్స్ కోచింగ్ అంటారు. ఫీజులో కాక్‌లు కలిసి ఉన్నాయా అన్నది తప్పక అడగండి. ఈకల కాక్‌ల ధరలు ఈమధ్య బాగా పెరిగాయి, గట్టిగా ఆడే ప్రాక్టీస్‌లో ఒక కాక్ ఎంతోసేపు నిలవదు. గట్టింగ్ (రాకెట్‌కు తీగలు కట్టించడం), షూస్, బయటి ఊళ్ల టోర్నీల రైలు, లాడ్జి ఖర్చులు వీటికి అదనం. ఇవన్నీ కాగితం మీద రాసి మీ ఆయన ముందు పెట్టండి. షాపు నడిపే మనిషికి మాటలకంటే అంకెలే బాగా అర్థమవుతాయి.

ఒక హెచ్చరిక. ఎవరైనా, వయసు ఒక ఏడాది తగ్గించి రాయిద్దాం, కింది వయసు గ్రూపులో కప్పు గ్యారంటీ అంటే ఆ మనిషితో మాట్లాడటం మానేయండి. దొరికితే నిషేధం పిల్లవాడి మీద పడుతుంది, సలహా ఇచ్చినవాడి మీద కాదు.

డబ్బు సంగతికి వస్తే, పై స్థాయికి చేరితే బాగుంటుంది, దారి మాత్రం పొడుగు. సీనియర్‌గా అంతర్జాతీయ ఆట మొదలయ్యేది ఫ్యూచర్ సిరీస్, ఇంటర్నేషనల్ సిరీస్, ఇంటర్నేషనల్ ఛాలెంజ్ అనే చిన్న టోర్నీలతో. అక్కడ ప్రైజ్‌మనీ కొన్నిచోట్ల నామమాత్రం, కొన్నిచోట్ల అసలు ఉండదు, విమానం టికెట్ మాత్రం మనదే. అవి దాటాక సూపర్ 100, 300, 500, 750, 1000 అనే పెద్ద టోర్నీల మెట్లు. పెద్ద టోర్నీలో కూడా డబుల్స్ గెలిచిన జోడీకి వచ్చే మొత్తం సింగిల్స్ విజేతకు వచ్చేదాని కంటే కొంచెమే ఎక్కువ, దాన్ని ఇద్దరూ పంచుకోవాలి. ప్రపంచ ర్యాంకింగ్‌కు గత 52 వారాల్లో బాగా ఆడిన పది టోర్నీలు లెక్క. ఆ పాయింట్లు జోడీ పేరు మీద ఉంటాయి. జోడీ మారితే కొత్త పేరు మీద మళ్లీ కూడబెట్టుకోవాల్సిందే. ఒకరికి గాయమైతే ఇద్దరూ ఆగిపోతారు. సాత్విక్ భుజం నొప్పి వల్ల 2024లో ఆసియా ఛాంపియన్‌షిప్‌కు ఆ జోడీ వెళ్లలేకపోయింది, ఏ గాయమూ లేని చిరాగ్ కూడా ఆడకుండా ఉండిపోయాడు. ఇవన్నీ దాటుకుని ఒలింపిక్స్‌కు చేరినా అక్కడ పురుషుల డబుల్స్‌లో చోటు ప్రపంచం మొత్తానికి 16 జోడీలకే. టోక్యోలో సాత్విక్, చిరాగ్ గ్రూపులో మూడింటిలో రెండు మ్యాచ్‌లు గెలిచారు. ఆఖరికి స్వర్ణం గెలిచిన తైవాన్ జోడీని కూడా ఓడించారు. అయినా క్వార్టర్ ఫైనల్ చేరలేదు.

ఒక ఊరట ఉంది. డబుల్స్‌లో వయసు కొంచెం నిదానంగా పడుతుంది. ఇండోనేసియా ఆటగాడు హెంద్రా సెతియావాన్ 2019లో మొహమ్మద్ అహ్సాన్‌తో కలిసి ప్రపంచ ఛాంపియన్ అయ్యేనాటికి అతనికి 35 ఏళ్లు. 40 నిండాక 2025 జనవరిలో ఆట ముగించాడు.

అయినా దారి ఇంత పొడుగు కాబట్టే, చదువు వదలొద్దని మీ ఆయన అనడాన్ని నేను కాదనను. ఇంటర్ అయ్యాక ఎంసెట్టా, డిగ్రీనా అన్నది అప్పటి ఆటను బట్టి చూసుకోవచ్చు. ఆటతో దొరికే ఉద్యోగానికి కూడా చదువు కావాలి. రైల్వే, ఆదాయపన్ను శాఖ, చమురు కంపెనీలు క్రీడాకారులను తీసుకుంటాయి. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ రిజర్వేషన్ ఉంది. ఏ పతకానికి, ఏ స్థాయి టోర్నీకి అర్హత అన్నది ఒక్కో నోటిఫికేషన్‌లో ఒక్కోలా ఉంటుంది, కాబట్టి జిల్లా స్థాయి నుంచి ప్రతి సర్టిఫికెట్ అసలు కాపీ ఒక ఫైల్లో దాచండి. నేషనల్స్ ఆడితే, ఆడినట్టు ఇచ్చే సర్టిఫికెట్ ఫారం అప్పుడే, సంతకం పెట్టే మనిషి ఎదురుగా ఉండగానే తీసుకోండి. తర్వాత వెంటబడి తిరగడం నరకం.

నవంబర్ టోర్నీ మాత్రం ఇద్దరూ కలిసే ఆడాలి. పేర్లిచ్చాక పక్కవాణ్ని మధ్యలో వదిలేయకూడదు. కొత్త జోడీతోనే ఆడమని హైదరాబాద్ కోచ్ అంటే, అది అయ్యాకే అని చెప్పండి. ఒకవేళ కాజీపేట అబ్బాయికి ట్రయల్ ఇస్తానని ఆయన ఒప్పుకుంటే, ఆ సంగతి వాళ్ల నాన్నకు మీరో మీ ఆయనో ఫోన్ చేసి చెప్పండి, పిల్లలతో కబురు పంపొద్దు. రానుపోను ఖర్చెంత, ఫీజెంత అన్నది పెద్దవాళ్లు పెద్దవాళ్లతోనే మాట్లాడుకోవాల్సిన విషయం.